కారు మీద గీతలు తుడిచేటప్పుడే పడతాయి

ముదురు రంగు కారు కొన్న ఏడాది, రెండేళ్ల తరువాత దాని బానెట్‌ను ఎండలో గానీ, రాత్రివేళ ఫోను టార్చి వెలుగులో గానీ పరిశీలిస్తే, కాంతి ప్రతిబింబించే చోటు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని వలయాలు కనిపిస్తాయి. గుండ్రంగా తుడవడం వల్లే ఇవి ఏర్పడ్డాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ గీతలు అన్ని దిక్కులకూ చెదురుమదురుగా పడి ఉంటాయి. సన్నని గాడి దేనికైనా కాంతిని తన పొడవుకు అడ్డంగా వెదజల్లే గుణం ఉంటుంది గనుక, టార్చి ప్రతిబింబం చుట్టూ అనువైన దిశలో ఉన్న గీతలు మాత్రమే మన కంటికి కాంతిని చేరవేస్తాయి. తక్కినవి అక్కడే ఉన్నా కనబడవు. టార్చిని కాస్త పక్కకు జరిపితే వలయాలు కూడా దాని వెంటే జరుగుతాయి, అంతవరకు కనబడని గీతలు కొత్తగా బయటపడతాయి.

ఈ గీతల్లో ఎక్కువ భాగం రోడ్డు మీద పడినవి కావు. ఆగి ఉన్న కారును శుభ్రం చేసే పేరుతో మన చేతులే వాటిని గీస్తాయి. దుమ్మును గుడ్డతో తుడిచి తీయాలనే అలవాటును వదిలి, వీలైనంత దుమ్మును ముందుగా నీటితోనే దింపేసి, మిగిలిన దానికి మాత్రమే గుడ్డను తాకించడం నేర్చుకుంటే పెయింట్ ఎన్నో ఏళ్లు నిగనిగలాడుతుంది.

కాపాడుకోవలసిన పొర ఎంత పలుచనిదో తెలిస్తే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. ఫ్యాక్టరీలో శుభ్రపరచిన ఉక్కు రేకుకు ముందు ఫాస్ఫేట్ పూత పూసి, దానిపై విద్యుత్తు సాయంతో తుప్పును నిరోధించే పూతను పట్టించి, ఆపైన ప్రైమర్, రంగునిచ్చే బేస్ కోట్, చివరగా రంగులేని క్లియర్ కోట్ వేస్తారు. ఇన్ని పొరలు కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్యే ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. మెరుపంతా ఈ పై పొరదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను శోషించుకుని కింది రంగు వెలిసిపోకుండా అడ్డుకునే రసాయనాలు ఉండేది కూడా ఇందులోనే. పాలిష్ పెట్టించితే గీతలు పోతాయి గదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. పాలిష్ అంటే గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను గీత అడుగు దాకా అరగదీయడమే. ఒకటి రెండుసార్లకు నష్టమేమీ లేదు గానీ, ఏటా చేయిస్తే తిరిగి పెరగని పొరను మనమే తరిగించుకున్నట్టవుతుంది. అది పూర్తిగా అరిగిన చోట టాపూ బానెట్టూ తెల్లబడి, పొట్టు లేచిపోతాయి.

ఇక గీసేది ఏమిటో చూద్దాం. హైదరాబాదు, దాని చుట్టుపక్కల జిల్లాలు గ్రానైట్ శిలల మీద ఉన్నాయి. గ్రానైట్ శిథిలమైనప్పుడు దానిలోని ఫెల్డ్‌స్పార్ క్రమంగా బంకమట్టిగా మారుతుంది, క్వార్ట్జ్ మాత్రం చెక్కుచెదరకుండా ఇసుక రేణువులుగా మిగిలిపోతుంది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ కొలమానంలో క్వార్ట్జ్ స్థానం 7, మామూలు కిటికీ అద్దం స్థానం సుమారు 5.5. క్లియర్ కోట్ ప్లాస్టిక్ జాతికి చెందిన పదార్థం గనుక అద్దం కన్నా చాలా మెత్తన. రాత్రికి రాత్రి కారు మీద వాలే పలుచని ధూళిలో ఈ క్వార్ట్జ్ నలుసులు ఉంటాయి. దగ్గర్లో అపార్ట్‌మెంటు కడుతున్నా, ఫ్లైఓవరు పనులు సాగుతున్నా మరిన్ని ఉంటాయి. ఊరికే కూర్చున్న నలుసు పెయింట్‌ను ఏమీ చేయదు. దాని మీద గుడ్డ వేసి, చెయ్యి ఆనించి లాగినప్పుడే అది గాడి తవ్వుతుంది.

అందుకే మన నగరాల సెల్లార్లలో ప్రతి ఉదయం జరిగే తుడుపు పెయింట్‌కు అన్నిటికన్నా పెద్ద శత్రువు. ముందు పొడి గుడ్డతో దులుపుతారు, తరువాత ఒకే బకెట్‌లో ముంచిన తడి గుడ్డను వరుసగా అన్ని కార్ల మీదా తిప్పుతారు. నాలుగో కారు దగ్గరికి వచ్చేసరికి ఆ నీళ్లు బూడిద రంగుకు తిరిగి, అడుగున ఇసుక పేరుకుని ఉంటుంది. ఇందులో తుడిచే మనిషి తప్పేమీ లేదు. నెలకు కొద్దిపాటి జీతమిచ్చి, రోజూ కారు మెరవాలని కోరేది మనమే. సరిపడా నీళ్లు, మంచి గుడ్డలు సమకూర్చనిదీ మనమే. రోజూ అద్దాలు మాత్రం తుడిపించి, వారానికి ఒకసారి సరిగ్గా కడిగించుకుంటే అదే జీతానికి అతనికి శ్రమ తగ్గుతుంది, కారుకూ మేలు.

కడిగే పని నీడలో, రేకు చల్లబడ్డాక మొదలుపెట్టాలి. మన వేసవి ఎండకు నల్ల బానెట్ 70 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కగలదు, అంతటి వేడి మీద సబ్బునీళ్లు కడిగేలోపే ఆరిపోతాయి. ముందుగా టాపు నుంచి కిందికి ధారాళంగా నీళ్లు పోసి, రెండు మూడు నిమిషాలు నాననిచ్చి, మళ్లీ పోయాలి. వాటర్ సర్వీసింగ్ సెంటర్లలో వాడే ప్రెషర్ వాషర్ ఈ పనికి చక్కగా పనికొస్తుంది గానీ, దాని నాజిల్‌ను కనీసం ఒక అడుగు దూరంలో ఉంచాలి. రాయి తగిలి పెచ్చు లేచిన చోట దగ్గరగా కొడితే ఆ అంచు నుంచి పెయింట్ ఊడివస్తుంది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో కార్లు కడగడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. నీటి ఎద్దడి ఉన్న చోట తోట మొక్కలకు కొట్టే చేతి స్ప్రేయరును, పురుగుమందు తగలని కొత్తదాన్ని, ఇందుకోసమే పెట్టుకుంటే కొద్ది లీటర్లతోనే ముందు కడుగు పూర్తవుతుంది.

సబ్బు విషయంలో బట్టల సబ్బు పొడిని పూర్తిగా పక్కన పెట్టాలి. అందులో ఉండే చాకలి సోడా వల్ల ఆ నీటి పీహెచ్ 10 దాటుతుంది, కారు మీద పూసిన మైనం పూత కరిగిపోతుంది, సరిగా కరగని పలుకులు వాటంతట అవే గీతలు గీస్తాయి. కారు షాంపూ పీహెచ్ సాధారణంగా తటస్థానికి, అంటే 7కు, దగ్గరగా ఉంటుంది. దాని అణువుల్లో ఒక కొస నీటిని, మరో కొస జిడ్డును పట్టుకోవడం వల్ల మురికి రేణువు ఉపరితలాన్ని వదిలి నీటిలో తేలుతుంది. అంతకన్నా ముఖ్యంగా, గుడ్డకూ పెయింట్‌కూ మధ్య జారుడు పొర ఏర్పడి, మిగిలిన నలుసుల ఒరిపిడి తగ్గుతుంది. నురుగు ఎంత వచ్చిందన్నది కంటికి సంబరమే తప్ప, చెయ్యి ఎంత సులువుగా జారుతోందన్నదే అసలు కొలత.

రెండు బకెట్లు పెట్టుకోవడం తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం. ఒకదానిలో షాంపూ నీళ్లు, మరోదానిలో మంచినీళ్లు ఉంచి, ఒక్కో భాగం కడిగిన ప్రతిసారీ గుడ్డను ముందు మంచినీళ్లలో జాడించి, పిండి, ఆ తరువాతే షాంపూలో ముంచాలి. టాపు, అద్దాలు, బానెట్, డిక్కీ అయ్యాక తలుపుల కింది భాగాలు కడగాలి, ఎందుకంటే టైర్లు చిమ్మిన ఇసుక ఎక్కువగా అక్కడే ఉంటుంది. చక్రాలకు వేరే గుడ్డ, వేరే నీళ్లు ఉండాలి. బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి వాటికి అంటుకుని ఉంటుంది.

కడగడం పూర్తయ్యాక నీళ్లు వాటంతట అవే ఆరనివ్వడం మరో పెద్ద పొరపాటు, ముఖ్యంగా బోరు నీళ్లతో కడిగినప్పుడు. భూమిలో ఇంకే వాన నీరు గాలి, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని, రాళ్లలోని కాల్షియాన్ని బైకార్బనేట్‌గా కరిగించుకుంటుంది. అదే నీరు కారు మీద ఆవిరైనప్పుడు ఆ వాయువు పోయి, కాల్షియం కార్బొనేట్ తెల్లని మచ్చగా మిగులుతుంది. గీజరు కాయిలుకు పట్టే గార కూడా ఇదే. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ అనుమతించిన గరిష్ఠ కాఠిన్యం, అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు, లీటరుకు 600 మిల్లీగ్రాములు. ఆ స్థాయి నీరు లీటరు ఆరిపోతే అర గ్రాముకు పైగా గార కారు మీదే ఉండిపోతుంది. మచ్చ మధ్యలో పలుచగా, అంచున చిక్కగా ఉండటానికి కారణాన్ని 1997లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు కాఫీ మరకల ఆధారంగా వివరించారు. బిందువు అంచు ఉపరితలానికి అంటుకుని కదలకుండా ఉంటుంది, ఆవిరి అక్కడే వేగంగా పోతుంది. ఆ లోటును పూడ్చడానికి మధ్యలోని నీరు అంచుకు ప్రవహిస్తూ, తనలో ఉన్న పదార్థాన్నంతా అక్కడికి మోసుకుపోతుంది. నీటి బొట్టు భూతద్దంలా పనిచేసి పెయింట్‌ను కాలుస్తుందన్న మాట మాత్రం నిజం కాదు, ఉపరితలానికి అంటుకున్న బొట్టు కాంతిని కేంద్రీకరించే చోటు పెయింట్ పొరకు బాగా కిందికి పడుతుంది. తాజా మచ్చలు నీళ్లు కలిపిన వెనిగర్‌కు కరుగుతాయి, వెంటనే కడిగేయాలి. నీటిలోని సిలికా మిగిల్చిన మచ్చలకు ఆ మందు పనిచేయదు. నీటిని బొట్లుగా జారేలా చేసే సిరామిక్ పూత ఉన్న కారుకు ఆరబెట్టే పని ఉండదనుకోవడం కూడా సరికాదు, ఎందుకంటే గుండ్రంగా నిలిచే బొట్లలో ఖనిజాలు ఒకే చోట పోగుపడతాయి.

ఆరబెట్టడంలోనూ మొదటి పనివాడు నీరే. పైపు నాజిల్ తీసేసి, సన్నని ధారను టాపు మీద నుంచి నెమ్మదిగా జారనిస్తే, నీటి అణువుల పరస్పర ఆకర్షణ వల్ల అది ఒకే తెరలా కదిలి చాలా బొట్లను తనతో లాక్కుపోతుంది. తరువాత పెద్ద మైక్రోఫైబర్ టవల్‌ను పరిచి, పైన అరచేత్తో ఒత్తి ఎత్తాలి, లేదా దాని బరువు మీదే మెల్లగా లాగాలి. 1970లో జపాన్‌లోని టోరే సంస్థలో మియోషి ఒకమోటో రూపొందించిన అతి సన్నని పోగుల నుంచి ఎదిగిన సాంకేతికత ఇది. పాలియెస్టర్, పాలీఅమైడ్ కలిసిన పోగును నిలువునా చీల్చడంతో అసంఖ్యాకమైన సందులు ఏర్పడి నీటిని పీల్చుకుంటాయి, కుచ్చుల లోతుల్లోకి నలుసు దిగిపోయి పెయింట్‌కు దూరంగా నిలుస్తుంది. నున్నని తోలుగుడ్డకు కుచ్చులు లేనందువల్ల దానిలో చిక్కుకున్న నలుసు నేరుగా పెయింట్ మీదే రాసుకుంటుంది.

వారం మధ్యలో పక్షి రెట్ట పడితే మాత్రం ఆదివారం దాకా ఆగకూడదు. అది ఎండకు మెత్తబడిన క్లియర్ కోట్‌ను తినేస్తుంది. గోకకుండా, తడి గుడ్డను దాని మీద పది నిమిషాలు ఉంచి, మెత్తబడ్డాక ఎత్తివేయాలి.

మైక్రోఫైబర్ టవళ్లను నూలు బట్టలతో కలపకుండా, ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ వేయకుండా విడిగా ఉతకాలి. సాఫ్టెనర్ పోగుల మీద జిడ్డు పొరలా పేరుకుని పీల్చే గుణాన్ని చంపేస్తుంది. కుట్టిన గట్టి లేబుల్‌ను ముందే కత్తిరించాలి. పని మధ్యలో టవల్ నేల మీద పడితే దాన్ని దులిపి మళ్లీ వాడకూడదు. అది ఉతుకుడుకు వెళ్లాలి, తక్కిన కారును రెండో టవల్‌తో ఆరబెట్టాలి.