టెలిస్కోప్ లేదని పాఠం ఆపకండి

మొన్న టీచర్ల శిక్షణలో ఒక మాస్టారు మళ్లీ అదే అడిగారు. "మా బడిలో టెలిస్కోప్ లేదు సార్, నక్షత్రాల పాఠం ఏం చెప్పమంటారు?" ఇరవై ఏళ్లుగా వింటున్న ప్రశ్న ఇది. మన పిల్లలకు ఆకాశాన్ని దూరం చేసిన అపోహల్లో ఇదే పెద్దది.

డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహే 1601లో చనిపోయేనాటికి టెలిస్కోప్ అనేదే లేదు. ఆయన కంటితో చూసి రాసిపెట్టిన కొలతల మీదే కెప్లర్ గ్రహగతి నియమాలు కట్టాడు. మనం పదో తరగతికి ధ్రువనక్షత్రం చూపించలేమా?

నాకు తెలిసిన ఒక బడిలో చందాలు వేసుకుని టెలిస్కోప్ కొన్నారు. డబ్బా మీద '675 రెట్లు' పెద్దగా చూపిస్తుందని ఉంది. స్టాండ్ వణుకుతుంటే చంద్రుడు కూడా నిలవలేదు. గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రుళ్లు కనబడాలంటే 40 రెట్లు చాలు, కావాల్సింది మంచి కటకం, గట్టి స్టాండ్. ఇప్పుడది బీరువాలో ఉంది. డబ్బు పోయిందని కాదు, ఆ రాత్రి వరుసలో నిలబడ్డ పిల్లలు 'ఇది మనవల్ల కాదు' అనుకుని వెళ్లిపోయారు. నా బాధంతా అదే.

చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. ఒక మార్చి రాత్రి మా తొమ్మిదో తరగతి పిల్లలతో ధ్రువనక్షత్రం ఎత్తు కొలిపించాను. ఒకమ్మాయి పిడికిలి మీద పిడికిలి పేర్చి, "రెండోది నిండలేదు సార్" అంది. అట్లాసులో మన ఊరి అక్షాంశం చూడమన్నాను. 17 డిగ్రీలు! ధ్రువనక్షత్రం ఎత్తు ఎంతో ఊరి అక్షాంశమూ దాదాపు అంతే. ఆ పిల్ల అట్లాసునీ ఆకాశాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత సప్తర్షుల్లో వసిష్ఠుడి పక్కనే ఉన్న అరుంధతిని పట్టుకుని, ఇంటికెళ్లి నాయనమ్మకు చూపించిందట. పెళ్లిలో కనబడకపోయినా కనబడిందని తలూపానని ఆవిడ అప్పుడు ఒప్పుకున్నారట.

హైదరాబాద్‌లో ఏటా ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం నిలువు కర్రకు నీడ ఉండదు. మబ్బు లేకపోతే అదొక్కటే పెద్ద పాఠం.

ఎండాకాలంలో సూర్యుడు దగ్గరికొస్తాడన్నది తప్పు. జనవరి మొదట్లోనే మనం సూర్యుడికి అతి దగ్గరగా ఉంటాం. ఎండలకు కారణం భూమి అక్షం వంపు. ఇక గ్రహణంలో కొత్త కిరణాలేవీ పుట్టవు. గర్భిణులను రోజంతా గదిలో పెట్టి భయపెట్టకండి. సూర్యుణ్ని నేరుగా చూడకూడదు, అంతే.

"మావాడు ఆస్ట్రానమీ అంటున్నాడు, బీఎస్సీ ఆస్ట్రానమీ ఎక్కడా దొరకట్లేదు" అని టెన్షన్ పడే అమ్మానాన్నలు నాకు ఫోన్ చేస్తుంటారు. వాళ్ల భయం అర్థమవుతుంది. కానీ డిగ్రీలో ఆ పేరు ఉండక్కర్లేదు. ఫిజిక్స్, లెక్కలు గట్టిగా చదివితే పీజీలో ఇటు తిరగొచ్చు. ఉస్మానియాలో ఆస్ట్రానమీకి ప్రత్యేక విభాగమే ఉంది. పరిశోధనకు పుణెలో ఐయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థ ఉంది.

ఇప్పటికే టెలిస్కోప్ కొన్న బడులకు ఒక మాట. దాంతోపాటు ఐపీస్‌కు, అంటే కన్ను పెట్టి చూసే కటకానికి, బిగించే చిన్న నల్ల సన్ ఫిల్టర్ వచ్చి ఉంటే ఈరోజే పారేయండి. వేడికి అది పగిలితే పిల్లల కన్ను పోతుంది.