వాడిన పల్లాడియం కార్బన్: అపోహలు, వాస్తవాలు

అపోహ: హైడ్రోజనేషన్ (పదార్థానికి హైడ్రోజన్ జోడించే చర్య) పూర్తయ్యాక వడపోతలో మిగిలిన పల్లాడియం కార్బన్, అంటే బొగ్గుపొడి మీద పల్లాడియం లోహం పరచిన ఉత్ప్రేరకం, శక్తి ఉడిగిన నల్లపొడి.

వాస్తవం: బల్క్ డ్రగ్ పరిశ్రమలో కొత్తగా చేరినవారి నోట నేను తరచుగా వినే మాట ఇది. ఇంతటి ప్రమాదకరమైన నమ్మకం మా రంగంలో మరొకటి లేదు. కొత్త పల్లాడియం కార్బన్ సాధారణంగా సగం బరువు నీటితో తడిసి వస్తుంది కనుక కొంత నయం. వాడినదానిలో హైడ్రోజన్ నిండి ఉంటుంది, చుట్టూ ద్రావణిగా వాడిన మిథనాల్ ఉంటుంది. ఫిల్టర్ మీద వాక్యూమ్‌ను అలాగే వదిలేస్తే కేక్ (ఫిల్టర్ మీద మిగిలిన తడి ముద్ద) ఆరిపోతుంది, దాని గుండా గాలి లాగబడుతుంది, లోహం మీద ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసి వేడి పుట్టి, బయటి నిప్పురవ్వ ఏదీ లేకుండానే మిథనాల్ ఆవిరి అంటుకుంటుంది.

ఒక ప్లాంటులో చెత్తబుట్టలో వేసిన ఫిల్టర్ గుడ్డ భోజన విరామంలో పొగలు కక్కింది. ఆ తరువాత అక్కడి యువ కెమిస్టు హైడ్రోజనేషన్ బ్యాచ్ అంటేనే వణికిపోయేవాడు. అతని భయం న్యాయమైనదే, ఎందుకంటే చేయవలసిన పని అతనికి ఎవరూ సరిగా చెప్పలేదు. ముందు ఆటోక్లేవ్ (ఒత్తిడిలో చర్య జరిపే మూతపాత్ర)లోని హైడ్రోజన్‌ను నైట్రోజన్‌తో పూర్తిగా వెళ్లగొట్టాలి. నైట్రోజన్ కిందనే వడపోయాలి. కేక్ ఆరకముందే నీటితో కడిగి, నీటి తడితోనే లేబుల్ అంటించిన మూత డబ్బాలో ఉంచాలి. లోహం తిరిగి రాబట్టడానికి పంపేటప్పుడు తూకం కోసం ఆరబెట్టడం ఎంతమాత్రం తగదు. తడిగా పంపినా అందులోని పల్లాడియాన్ని విశ్లేషణ ద్వారానే లెక్కిస్తారు. వాడకముందు కూడా పొడి ఉత్ప్రేరకాన్ని గాలి ఉన్న పాత్రలోని మిథనాల్‌లో వేయకూడదు. రేనీ నికెల్ అనే మరో హైడ్రోజనేషన్ ఉత్ప్రేరకం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి: తడి ఆరితే అది గాలిలో దానంతటదే మండుతుంది.

అపోహ: చర్య నెమ్మదిస్తే మరింత ఉత్ప్రేరకం వేయాలి.

వాస్తవం: ముందు కలియబెట్టే వేగాన్ని, ముడిపదార్థంలో ఉత్ప్రేరకాన్ని చెడగొట్టే గంధక మలినాలను చూడండి. ద్రవంలోకి హైడ్రోజన్ చాలినంత కరగనప్పుడు లోహం పెంచినా లాభం ఉండదు.

అపోహ: వనస్పతిలో హాని నికెల్ వల్లనే.

వాస్తవం: నూనెను వనస్పతిగా గట్టిపరచడానికి ఉత్ప్రేరకంగా వాడే నికెల్‌ను వడపోసి తీసేస్తారు. పాక్షిక హైడ్రోజనేషన్‌లో పుట్టే ట్రాన్స్ కొవ్వులే గుండెకు చేటు. మన దేశంలో వాటి పరిమితి 2022 నుంచి 2 శాతం.

అపోహ: పల్లాడియంతో తయారైన మందులో లోహం మిగిలి, రోజూ వేసుకునేవారికి విషమవుతుంది.

వాస్తవం: బీపీ మాత్ర మానేయాలా అని ఆందోళనతో అడిగే పెద్దలకు నేను ఓపికగా చెప్పేది ఒకటే: నోటి ద్వారా తీసుకునే మందుల్లో పల్లాడియానికి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం రోజుకు 100 మైక్రోగ్రాముల పరిమితి ఉంది, ఆ పరిమితికి లోబడే తయారీదారులు మందును విడుదల చేయాలి. వదంతి విని మాత్ర ఆపకండి, మీ డాక్టరును అడగండి.