కంప్యూటర్‌కి శానిటైజర్ పూయాలా?

చిరంజీవి బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నీ ఉత్తరం చదివి నవ్వాపుకోలేకపోయాను. పాత కంప్యూటర్ తీసుకెళ్లేవాళ్లు ఇచ్చిన కాగితంలో 'ముందుగా శానిటైజ్ చేసి ఇవ్వాలి' అని ఉందనీ, చిన్నా వెంటనే చేతులకు రాసుకునే సీసా తెచ్చి కీబోర్డు మీద పిండబోయాడనీ రాశావు. వాణ్ణి ఏడిపించకు. తనకు తెలిసిన అర్థమే వాడు పట్టుకున్నాడు. నవ్వడం అయ్యాక నేనూ ఆలోచనలో పడ్డాను. హోటళ్లలో గిన్నెలకీ ఇదే మాట వాడతారు కదా, ఒకే మాట గిన్నెకీ కంప్యూటర్‌కీ ఎలా సరిపోయిందా అని.

నా చిన్నప్పుడు పలకా బలపం ఉండేవి. ఓసారి మాస్టారి మీద ఏదో వెటకారం రాసి పక్కవాడికి చూపించాను. ఆయన ఇటు రావడం చూసి చొక్కా అంచుతో గబగబా తుడిచేశాను. ఆయన ఏమీ అనకుండా పలక తీసుకుని, వెలుతురులో కాస్త ఏటవాలుగా పట్టుకున్నారు. గట్టిగా నొక్కి రాశానేమో, ఒక్కో అక్షరం సన్నటి గాటులా తేలింది. పైకి చదివారు కూడా. నా చెవి ఎంత ఎర్రబడిందో చెప్పను. ఏం రాశానో అసలే చెప్పను.

కంప్యూటర్‌లో ఫైలు డిలీట్ చేయడం కూడా నా చొక్కా అంచు లాంటిదే. చాలాసార్లు లోపలి సమాచారం వెంటనే చెరగదు. 'ఈ జాగా ఖాళీ, వాడుకోవచ్చు' అని గుర్తు మాత్రం పడుతుంది. తెలిసినవాడు పలకను ఏటవాలుగా పట్టుకుంటే చదివేస్తాడు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దీనికి మార్గదర్శకాలు రాసింది. అవి మొదట 2006లో వచ్చాయి, 2014లోనూ 2025లోనూ సవరించారు. వాటి ప్రకారం శానిటైజేషన్ అంటే, ఫలానా స్థాయి ప్రయత్నం చేసినా ఆ సమాచారం చేతికి అందకుండా చేయడం. అందులో మూడు మెట్లున్నాయి. 'క్లియర్' అంటే పలక నిండా వేరే రాతలు రాసేయడం. 'పర్జ్' అంటే ప్రయోగశాలలో పెట్టి వెతికినా దొరకనంతగా పలకను అరగదీయడం. 'డిస్ట్రాయ్' అంటే పలకనే పొడి చేసేయడం. రహస్య సంకేతాల్లోకి మార్చి తాళం వేసిన సమాచారమైతే, దాన్ని విప్పే తాళంచెవిని నాశనం చేసినా సరిపోతుందట. దానికి మాత్రం నా పలకలో పోలిక దొరకలేదు.

ఇప్పుడు గిన్నెల సంగతి. అమెరికాలో హోటళ్ల కోసం ఫుడ్ కోడ్ అని నమూనా నిబంధనల పుస్తకం ఒకటుంది. అందులో శానిటైజేషన్ అంటే వేడితోనో రసాయనంతోనో రోగకారక క్రిములను 99.999 శాతం తగ్గించడం. లక్షలో ఒక్కటి మిగలొచ్చన్నమాట. అదీ ముందే కడిగిన పాత్ర మీదే. జిడ్డు గిన్నె మీద క్లోరిన్ నీళ్లు ఎన్ని పోసినా ఆ క్లోరిన్‌ని జిడ్డే తినేస్తుంది, క్రిములు హాయిగా ఉంటాయి. కాబట్టి కడగడం, నీళ్లతో జాడించడం, ఆ తర్వాతే శానిటైజ్ చేయడం. మనం మాటల్లో కలిపేస్తాం గానీ నిబంధనల్లో 'శుభ్రం' వేరు, 'శానిటైజ్' వేరు. అన్ని సూక్ష్మజీవులనూ, మొండి బీజాలతో సహా, చంపేయాలంటే దానికి 'స్టెరిలైజేషన్' అని మరో మాట ఉంది.

పలక లెక్కలో చెప్తే లక్ష అక్షరాల్లో ఒకటి మిగిలినట్టు. లక్ష అక్షరాలు పట్టే పలక ఎక్కడుందని చిన్నా అడుగుతాడు, అడగనీ. పలక మీద మిగిలిన అక్షరం రాత్రికి రాత్రి పిల్లల్ని పెట్టదు. గిన్నెకి తడీ మెతుకూ అంటుకుని ఉంటే ఆ ఒక్క క్రిమీ పెట్టేస్తుంది. ఇక్కడితో నా పలక పగిలింది, వదిలేద్దాం.

నాకు ముచ్చటేసింది ఒకటుంది. మనం పని సగం చేసి కూడా 'మొత్తం అయిపోయింది, ఒట్టు' అంటాం కదా. నిబంధన రాసేవాళ్లు ఆ ఒట్టు వేయరు. గిన్నె దగ్గర ఎంత తగ్గాలో అంకె వేసి చెప్తారు, కంప్యూటర్ దగ్గర ఎంత గట్టిగా వెతికేవాడికి దొరకకూడదో చెప్తారు. 'తళతళలాడాలి' అని రాస్తే నీ తళతళ వేరు, మీ అమ్మ తళతళ వేరు. కొలవగలిగేది రాస్తే తగువుండదు. అందుకే చాలా చట్టాల మొదట్లో 'నిర్వచనాలు' అని ఒక భాగం ఉంటుంది. పెద్దయ్యాక మీకు తెలిసిన మాటే అక్కడ కనబడినా సరే, దాటెయ్యకుండా చదవండి.

కంప్యూటర్ సంగతి నాన్నకి చెప్పు. ఏ మెట్టు దాకా చేయాలో ఆ కాగితం ఇచ్చినవాళ్లనే అడగమను.

ఈలోగా మీరిద్దరూ రెండు పనులు చేయండి. నేల తుడిచే మందు సీసా వెనక చిన్న అక్షరాలుంటాయి, మూత తీయకుండా చదవండి. ఎన్ని నిమిషాలు తడిగా ఉంచాలో చాలావాటి మీద రాసి ఉంటుంది. మనం అంతసేపు ఉంచుతున్నామా చూడండి. రెండోది, ఒక నోటుపుస్తకంలో బాల్‌పెన్నుతో గట్టిగా నొక్కి ఏదైనా రాసి, ఆ పేజీ చింపేసి, కింది పేజీని దీపం దగ్గర ఏటవాలుగా పట్టుకోండి. ఏం కనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య