రక్తాన్ని వేడిచేసి రోగాన్ని పట్టడం: తెర వెనక కథ

వేడి పెట్టి జబ్బును పసిగట్టడం కొత్తేమీ కాదు. 1840ల్లో లండన్‌లో ఒక రోగి మూత్రంలో బయటపడిన బెన్స్ జోన్స్ ప్రొటీన్‌ది వింత స్వభావం. 40 - 60 డిగ్రీల సెల్సియస్ మధ్య గడ్డకడుతుంది, మరిగిస్తే కరిగిపోతుంది, చల్లారితే మళ్లీ తేలుతుంది. మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్‌కు అది ఆనవాలు.

రక్త ప్లాస్మాలోని (కణాలు తీసేస్తే మిగిలే ద్రవంలోని) ప్రొటీన్లు కూడా వేడికి చుట్టలు విప్పుకుంటాయి, కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టే. విప్పుకునేటప్పుడు కాస్త వేడిని పీల్చుకుంటాయి. ఆ కాస్తను కొలిచే పరికరం కోసం 1960ల దాకా ఆగాల్సొచ్చింది. అమెరికాలో పెర్కిన్-ఎల్మర్ కంపెనీకి చెందిన వాట్సన్, ఓనీల్ 1962లో డిఫరెన్షియల్ స్కానింగ్ కేలరీమీటర్‌ను రూపొందించారు. ప్రొటీన్ ద్రావణాలకు సరిపడేంత సున్నితమైనదాన్ని అప్పటి సోవియట్ యూనియన్‌లోని జార్జియా రాజధాని టిబిలిసీలో ప్రివలోవ్, మొనాసెలిద్జే 1964లో తయారుచేశారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు అందులో శుద్ధి చేసిన ప్రొటీన్లనే ఎక్కువగా పరీక్షించారు. వందలాది ప్రొటీన్లు కలగలిసిన ప్లాస్మాను పెడితే గందరగోళం తప్ప ఏం వస్తుందన్నది సహజమైన అనుమానమే. 1990ల్లో మొనాసెలిద్జే బృందం క్యాన్సర్ రోగుల రక్తంతో ప్రయత్నించింది. కానీ ఈ పద్ధతికి గుర్తింపు తెచ్చింది 2000ల చివర్లో అమెరికాలోని లూయీవిల్ యూనివర్సిటీలో గార్బెట్, షైర్స్ బృందం చేసిన పని.

ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత వేడిని పీల్చుకుందో చూపుతూ వాళ్లు గీసిన గ్రాఫ్‌లో ఆరోగ్యవంతుల ప్లాస్మాకు ఒక స్థిరమైన ఆకారం కనిపించింది. 50 డిగ్రీలు దాటాక రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్‌ది చిన్న గుట్ట, 60 దాటాక ప్లాస్మాలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ప్రొటీన్ ఆల్బుమిన్‌ది పెద్ద శిఖరం, ఆపైన యాంటీబాడీల వాలు. ల్యూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటిపైనే దాడిచేసే జబ్బులు), పిడుదు పురుగు కాటుతో వచ్చే లైమ్ వ్యాధి ఉన్నవాళ్లలో ఈ ఆకారం మారిపోయింది. అసలు విశేషం వేరే ఉంది. ఏ ప్రొటీన్ ఎంతుందో చూపే మామూలు పరీక్షల్లో అంత తేడా లేదు! జబ్బు వల్ల రక్తంలో చేరిన చిన్న అణువులు ఆల్బుమిన్‌కు అతుక్కుని, దాన్ని వేడికి మరింత తట్టుకునేలా చేస్తున్నాయన్నది వాళ్ల ఊహ. మైలోమా, సోరియాసిస్, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లపై బల్గేరియా, హంగరీ బృందాలు ఇదే దారి పట్టాయి.

నా మటుకు నాకు చిక్కు కూడా అక్కడే కనిపిస్తుంది. ఆల్బుమిన్‌కు మందులూ అతుక్కుంటాయి, కొవ్వు ఆమ్లాలూ అతుక్కుంటాయి. కాబట్టి ఆకారం మారిందంటే లోపల ఏదో జరిగిందని తెలుస్తుంది గానీ, ఆ ఏదో ఏమిటన్నది తేలదు. పైగా శాంపిల్‌ను ముందు డయాలిసిస్ చేసి (పలుచటి పొర గుండా దాని ద్రావణాన్ని మార్చి) సిద్ధం చేయాలి. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున 20 నుంచి 110 దాకా వేడిచేస్తే ఒక్క స్కాన్‌కే గంటన్నర. రద్దీగా ఉండే క్లినికల్ ల్యాబ్‌కు అంత తీరిక ఎక్కడిది?