"బెంగళూరులో తీయడానికి ఇంకేం మిగిలింది అన్నా?": ఫోటోల మీద అపోహలు - వాస్తవాలు

ట్రావెల్ ఫోటోగ్రఫీ నా వృత్తి, ఉండేది బెంగళూరులో. ఊళ్ళో ఉన్న వారాంతాల్లో ఫోటో వాక్‌లు నడిపిస్తుంటాను. వచ్చేవాళ్ళలో మన తెలుగువాళ్ళే ఎక్కువ. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగాలు చేసుకునే పిల్లలు. నడక అయ్యాక టీ దగ్గర ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు: "లాల్‌బాగ్ అయిపోయింది, కేఆర్ మార్కెట్ అయిపోయింది, నంది హిల్స్ అయిపోయింది. ఇక్కడ ఇంకేం మిగిలింది అన్నా? లడఖ్ వెళ్తే గానీ మంచి ఫోటోలు రావు."

ఊరికే అని ఊరుకుంటే ఫరవాలేదు. ఏడాది సెలవులన్నీ కూడబెట్టుకుని, క్రెడిట్ కార్డు గీకి మరీ వెళ్ళొస్తారు. వచ్చాక ఫోన్ ముందు పెడతారు. పాంగాంగ్ సరస్సు, నీలం నీళ్ళు, ఒడ్డున టూరిస్టుల కోసం పెట్టిన పసుపు స్కూటర్. అక్కడికి వెళ్ళిన ప్రతివాడి ఫోన్లోనూ ఉన్నదే!

అపోహ: తెలిసిన చోట కొత్త ఫోటో దొరకదు

జనం డబ్బుని, ఉత్సాహాన్ని ఎక్కువగా తినేస్తున్న అపోహ ఇదే. అందుకని దీని మీదే కాసేపు కూర్చుంటాను.

"అయిపోయింది" అన్నవాళ్ళని నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. ఎన్నింటికి వెళ్ళారు? ఎక్కడ నిలబడ్డారు? కేఆర్ మార్కెట్ అయితే జవాబు వినక్కర్లేదు. ఉదయం ఏడింటికి, పై అంతస్తు పిట్టగోడ దగ్గర. కింద బంతిపూల కుప్పలు, చామంతి బుట్టలు, మధ్యలో తలెత్తి చూస్తున్న ఒక మనిషి. మంచి ఫోటోనే, నా దగ్గరా ఉంది. కానీ అంత పెద్ద మార్కెట్‌లో మీరు చూసింది ఒక గోడ, ఒక గంట.

తెల్లవారకముందే, టెంపోల నుంచి పూల మూటలు దింపేటప్పుడు వెళ్ళి చూడండి. పైకి ఎక్కకండి, కిందే ఉండండి. వెలుతురంతా బల్బులదే. ఎల్‌ఈడీల వల్ల ఫోటోలో చారలు వస్తే షట్టర్ స్పీడ్ 1/50 లేదా 1/100 సెకనులో పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బుల మిణుకు దానికి తగ్గట్టే ఉంటుంది కాబట్టి చారలు చాలావరకు పోతాయి. తర్వాత దండలమ్మే ఆవిడ చేతులు చూడండి. మధ్యవేలి కొస నుంచి మోచేతి దాకా దండ సాగదీసి మూర కొలుస్తుంది. మూర మూరకీ చెయ్యి కాస్త మడుస్తుంది. ఆమె లాభమంతా ఆ మడతలోనే! పై అంతస్తు నుంచి అది జన్మలో కనపడదు.

అక్కడ బాగేపల్లి, చిక్కబళ్ళాపురం వైపు నుంచి వచ్చి తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది తగులుతారు. ఒక పెద్దావిడ నన్ను చూడగానే, "పోయిన తూరి తీసిన ఫోటో ఏది నాయనా?" అని నిలదీసింది. చిన్న ప్రింట్ వేయించి తీసుకెళ్ళి ఇచ్చాను. పక్క కొట్టువాళ్ళందరికీ చూపించింది. అప్పటి నుంచి నేను వెళ్తే, తన తల మీద వేలాడే బల్బుని తనే ఇటూ అటూ తిప్పి, "ఇట్ల బాగుందా?" అని అడుగుతుంది. లక్ష రూపాయల ఫ్లాష్ కొన్నా ఆ లైటింగ్ రాదు. పాంగాంగ్ ఒడ్డున రెండు గంటలు నిలబడి వచ్చేవాడికి బల్బు తిప్పేదెవరు?

ఇక ఎండ సంగతి. దీన్ని పట్టించుకునేవాళ్ళు మరీ తక్కువ. బెంగళూరు దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ ఆఖర్లో సూర్యుడు నడితూర్పు నుంచి సుమారు 24 డిగ్రీలు దక్షిణానికి జరిగి పొడుస్తాడు, జూన్‌లో అంతే ఉత్తరానికి. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు సగం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరం వైపే ఉంటాడు. అంటే, చలికాలంలో ఎండ ముఖమే చూడని ఉత్తరపు గోడ మీద మే నెల మధ్యాహ్నం ఎండ దాదాపు నిలువుగా, రాతిని రాసుకుంటూ దిగుతుంది. చూరు అడ్డం లేకపోతే చెక్కిన ప్రతి గీతకీ నీడ లేస్తుంది. లేపాక్షి వెళ్ళిన అందరి దగ్గరా వేలాడే స్తంభం కింద గుడ్డ లాగే ఫోటో ఉంటుంది. కప్పు లేని కళ్యాణ మండపం స్తంభాల మీద నీడ డిసెంబర్‌లో ఎటు పడుతుందో, మే నెలలో ఎటు పడుతుందో చూసినవాళ్ళు ఎంతమంది?

బెంగళూరులోనే ఉన్న గవిపురం గంగాధరేశ్వర గుడి ఇంకో ఉదాహరణ. సంక్రాంతి సాయంత్రం సూర్యకిరణం నంది కొమ్ముల మధ్య నుంచి లింగం మీద పడుతుందని ఆ రోజు కాలు పెట్టే సందు ఉండదు. టీవీ కెమెరాలు సరేసరి. సూర్యుడి దారి డిసెంబర్ 21కి అటూ ఇటూ ఒకేలా ఉంటుంది. జనవరి 14కి ఎన్ని రోజులో అన్ని రోజులు వెనక్కి లెక్కపెట్టండి, నవంబర్ 27 వస్తుంది. ఆ రోజుల్లోనూ సూర్యుడు అదే కోణంలో దిగుతాడు. గుళ్ళో తోపులాట మాత్రం ఉండదు. ఆవరణలో ఏకశిలా స్తంభాల మీద నిలబెట్టిన పెద్ద రాతి చక్రాలని తీరిగ్గా చూసుకోవచ్చు. సంక్రాంతికి వచ్చిన గుంపులో వాటి వంక చూసేవాడుండడు.

లాల్‌బాగ్ కూడా అంతే. గణతంత్ర దినానికి, ఆగస్టు 15కి జరిగే ఫ్లవర్ షోలకి వెళ్ళొచ్చి "చూసేశాం" అంటారు. 20వ శతాబ్దం మొదట్లో ఇక్కడికి వచ్చిన జర్మన్ ఉద్యానవేత్త క్రుంబిగెల్, ఏడాది పొడవునా ఊళ్ళో ఏదో ఒక చెట్టు పూతలో ఉండేలా నాటించాడు. జనవరి నుంచి మార్చి దాకా గులాబీ టబెబుయా, మార్చి దగ్గర్లో జకరాండా, ఎండలు ముదిరాక తురాయి. ఒకే వీధి, ఒకే బస్టాపు, మూడు రంగులు. ఆఫీసుకి రోజూ వెళ్ళే దారే అది.

అపోహ: మంచి లెన్స్ ఉంటే ఫోటో అదే వస్తుంది

రాదు. ఉన్న కెమెరాతో, 35 ఎంఎం గానీ 50 ఎంఎం గానీ ఒక్క లెన్స్ తగిలించుకుని ఆరు నెలలు తిరగండి. అప్పటికీ ఏం కొనాలో తెలియకపోతే ఇంకా కొనే అవసరం రాలేదని లెక్క.

అపోహ: గోల్డెన్ అవర్‌లోనే తీయాలి

గోల్డెన్ అవర్ అంటే పొద్దు పొడిచాక, పొద్దు గూకే ముందు ఎండ బంగారు రంగులో ఉండే వేళ. విధానసౌధ ముఖం తూర్పుకి ఉంది. మీ సాయంత్రం గోల్డెన్ అవర్‌లో ఎండంతా భవనం వీపు మీద. నంది హిల్స్‌లోనూ సూర్యోదయం కాగానే అందరూ టిఫిన్‌కి దిగిపోతారు. చలికాలంలో మంచు విడిపోయి లోయ తెరుచుకునేది చాలాసార్లు ఆ తర్వాతే. అక్కడే ఇంకో గంట ఉండండి.

అపోహ: తెలియనివాళ్ళని ఫోటో తీస్తే గొడవే

ఈ భయం ఉన్నవాళ్ళని చూసి నవ్వను. చేతిలో కెమెరాతో ఒక మనిషి ముందు నిలబడాలంటే టెన్షన్ ఉంటుంది, ఉండాలి కూడా. ఒకమ్మాయి మూడు నెలలు మాతో నడిచి, ఖాళీ సైకిళ్ళు, మూసిన తలుపులు తప్ప ఏమీ తీయలేదు. దూరం నుంచి జూమ్‌లో దొంగతనంగా తియ్యమని ఎవరో సలహా ఇచ్చారట. గొడవలయ్యేది అలా తీసేవాళ్ళతోనే. ముందు రెండు మూరల పూలు కొనుక్కోమన్నాను. కొనేటప్పుడు మాటలొచ్చాయి, మాటల్లో, "ఒక ఫోటో తీసుకోనా అక్కా?" అని తనే అడిగింది. కాదంటే నవ్వి వచ్చెయ్యడమే. పిల్లల్ని తీసేటప్పుడు మాత్రం పక్కనున్న పెద్దవాళ్ళని అడక్కుండా షట్టర్ నొక్కకండి.

మిగతావి గబగబా

"డ్రోన్ చిన్నదైతే ఎక్కడైనా ఎగరెయ్యొచ్చు" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. నమ్మకండి. ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్ ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపించే ప్రభుత్వ మ్యాప్) చూసుకోండి. రెడ్ జోన్ అయితే కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా కుదరదు, ఈ ఊరి చుట్టూ ఎయిర్‌పోర్టులు, ఎయిర్‌ఫోర్స్ స్థావరాలు ఉన్నాయి మరి.

పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్‌కి విడిగా అనుమతి కావాలి. ఇక్కడి టిప్పు వేసవి ప్యాలెస్ అయినా, లేపాక్షి అయినా అదే రూలు. గేటు దగ్గర సెక్యూరిటీ అతనితో వాదించి లాభం లేదు, అది అతను పెట్టిన రూలు కాదు. లోపల వెలుతురు తక్కువైతే ఐఎస్ఓ (తక్కువ వెలుతురులోనూ ఫోటో వెలుగ్గా వచ్చేలా చేసే కెమెరా సెట్టింగ్) పెంచండి, మోచేతులు డొక్కకి ఆనించి వరసగా నాలుగైదు కొట్టండి. ఒకటైనా కదలకుండా వస్తుంది.