పొలమారకపోతే క్షేమమేనా? ఆసుపత్రులు తిరిగే స్పీచ్ థెరపిస్టు రాసుకున్న అపోహలు - వాస్తవాలు

ఉదయం హనుమకొండలో రెండు ఆసుపత్రులు చూసుకొని, ఆ తరువాత వారంలో ఒకరోజు జనగామకు, ఒకరోజు మహబూబాబాద్‌కు, ఇంకొకరోజు కరీంనగర్‌కు వెళ్లడం కొన్నేళ్లుగా నా వృత్తి. స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టు అన్న పేరు ఎవరికీ నోరు తిరగదు కనుక వార్డుల్లో అందరికీ నేను 'స్పీచ్ మేడం'నే. ఏ ఆసుపత్రిలోనూ నాకంటూ ఒక గది లేదు. టార్చిలైటు, చెంచాలు, పది మిల్లీలీటర్ల సిరంజీలు, చేతి తొడుగులు, బొమ్మల అట్టలు, ఒక స్టెతస్కోపు ఉన్న సంచి భుజాన వేసుకొని, డాక్టరు రాసిన మంచం నంబరు వెతుక్కుంటూ వెళతాను. ఒక్కో మంచం దగ్గర నేను ఉండేది ముప్పావు గంట. మిగిలిన ఇరవై మూడు గంటలకు పైగా రోగి పక్కన ఉండేది భార్యో, కొడుకో, కోడలో, మూడు షిఫ్టుల నర్సులో. మా పని చుట్టూ అపోహలు చాలానే ఉన్నా, నేను లేని ఆ గంటల్లో రోగికి హాని చేయగల వాటి మీదే నాకు పట్టింపు ఎక్కువ. అందుకే వాటికే ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

అపోహ: స్పీచ్ థెరపిస్టుకు మాటతోనే పని, తిండితో సంబంధం లేదు.

ఆసుపత్రుల్లో నా సమయంలో ఎక్కువ భాగం మింగడాన్ని పరీక్షించడానికే పోతుంది. మాట్లాడటానికి వాడే పెదవులు, నాలుక, అంగిలి, స్వరపేటికలే మింగడానికీ కావాలి. ముద్ద గొంతు దాటే క్షణంలో స్వరపేటిక పైకి లేచి మూసుకుంటుంది, ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది, అన్నవాహిక నోరు తెరుచుకుంటుంది; ఈ మూడింటి వరుస తప్పితే ఆహారం శ్వాసనాళంలోకి దిగుతుంది. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో దాదాపు సగం మందికి మింగడంలో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. అయినా 'మాట ఇంకా రావడం లేదు' అన్న ఫిర్యాదుతో అయిదో రోజున నన్ను పిలిచి, ఆ అయిదు రోజులూ రోగికి చాయ్, పాలు తాగిస్తూ వచ్చిన సందర్భాలు నా రిజిస్టరులో చాలా ఉన్నాయి. పక్షవాతం కేసులో నన్ను పిలవవలసింది మొదటి ముద్దకు ముందు. నేను ఊళ్లో లేని రోజైతే, శిక్షణ పొందిన నర్సు మంచం దగ్గరే చేయగల ప్రాథమిక పరీక్ష అయినా జరిగేదాకా నోటి ద్వారా ఏదీ ఇవ్వకూడదు.

అపోహ: పొలమారడం లేదు, దగ్గడం లేదు, కాబట్టి తాగించవచ్చు.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తట్టే అలవాటు మనందరి ఇళ్లలో ఉన్నదే. ఆరోగ్యంగా ఉన్నవారికి పొలమారడం ఒక రక్షణ; దారి తప్పిన నీటి చుక్కను గొంతు గుర్తించి దగ్గుతో బయటికి తోస్తుంది. మెదడు దెబ్బతిన్నప్పుడు ఆ గుర్తింపే మొద్దుబారవచ్చు. అప్పుడు నీళ్లు ఊపిరితిత్తుల వైపు దిగుతున్నా రోగి దగ్గడు, ముఖం చిట్లించడు, నిశ్చింతగా ఇంకో గుక్క అడుగుతాడు. రెండు మూడు రోజులకు జ్వరం వస్తుంది, ఎక్స్‌రేలో నిమ్ము (న్యుమోనియా) కనబడుతుంది. దగ్గు లేకుండా జరిగే ఈ ప్రమాదమే నా వృత్తిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది.

దగ్గును నమ్మలేనప్పుడు వేటిని గమనించాలి? తాగిన తరువాత 'ఆ' అనిపిస్తే గొంతు తడిగా, గరగరమంటూ పలకడం. ముద్ద ముద్దకూ గొంతు సవరించుకోవడం. మింగాక ఊపిరి వేగం పెరగడం. అన్నం బుగ్గలో మిగిలిపోవడం. ఒక చిన్న గిన్నెడు తినడానికి అరగంట దాటడం. గొంతు వెనుక తాకితే వాంతి వచ్చినట్టయింది కనుక మింగడం బాగుందని కొందరు డ్యూటీ డాక్టర్లు కూడా రాస్తుంటారు, కానీ ఆ ప్రతిచర్య ఉన్నంత మాత్రాన మింగడం సురక్షితమని గాని, లేనంత మాత్రాన ప్రమాదమని గాని చెప్పలేము. వేలికి తగిలించిన ఆక్సీమీటరులో అంకె పడిపోలేదన్నదీ నమ్మదగిన రుజువు కాదు. కచ్చితంగా తేలాలంటే బేరియం కలిపిన ఆహారాన్ని మింగిస్తూ తీసే ఎక్స్‌రే వీడియో గాని, ముక్కులోంచి సన్నని కెమెరా పంపి చేసే పరీక్ష గాని కావాలి. నేను తిరిగే చాలా ఆసుపత్రుల్లో ఆ రెండూ అందుబాటులో లేవు. అందువల్ల మంచం దగ్గర చేసే పరీక్షకు ఉన్న హద్దును బంధువులకు ముందే చెప్పడం నా బాధ్యత అనుకుంటాను.

ఇక కొబ్బరి నీళ్ల సంగతి. ఆసుపత్రి గేటు బయట కొబ్బరి బోండాల బండి లేని ఊరు నేను చూడలేదు, రోగిని చూడవచ్చిన ప్రతి బంధువూ ఒక బోండాం కొట్టించుకొని వస్తాడు. ప్రేమతో తెచ్చినదాన్ని కాదనడం నాకూ కష్టమే. అయితే నీళ్లు, కొబ్బరి నీళ్లు, పలుచని చాయ్ వంటివి గొంతులో వేగంగా జారిపోతాయి. నెమ్మదించిన గొంతు వాటిని అందుకోలేదు. అదే జొన్న అంబలో, రాగి జావో చిక్కగా ఉంటే కొందరికి దారి తప్పకుండా దిగుతుంది. ఎంత చిక్కన అన్నది మాటల్లో చెబితే ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా కాస్తారు కనుక అంతర్జాతీయంగా వాడే సిరంజి పరీక్షను చేసి చూపిస్తాను. దానికి సరిపడే కొలత ఉన్న పది మిల్లీలీటర్ల సిరంజి మూతిని వేలితో మూసి, అంబలి నింపి, వేలు తీసి పది సెకన్లు ఆగాలి. అంతా కారిపోతే అది నీళ్లతో సమానం. ఒకటి నుంచి నాలుగు మిల్లీలీటర్లు మిగిలితే స్వల్పంగా, నాలుగు నుంచి ఎనిమిది మిగిలితే కొంచెం, ఎనిమిదికి మించి మిగిలితే ఒక మోస్తరుగా చిక్కనైనదని లెక్క. తాగించే వేడిలోనే కొలవాలి, ఎందుకంటే అంబలి చల్లారే కొద్దీ బిగుస్తుంది. ఎంగిలి చెంచాను గిన్నెలో ముంచుతూ పోతే లాలాజలంలోని ఎంజైము పిండిని విడగొట్టి, మళ్లీ పలుచన చేస్తుంది.

చిక్కదనం సర్వరోగ నివారిణి అని కూడా అనుకోవద్దు. మరీ చిక్కగా ఉన్నది గొంతులో అంటుకొని మిగిలిపోతుంది, రుచించక రోగి తాగడమే తగ్గించి, ఒంట్లో నీరు తగ్గిపోయే ప్రమాదమూ ఉంది. ఎవరికి ఏది, ఎన్నాళ్లు అన్నది పరీక్షించి చెప్పవలసిందే.

అపోహ: ముక్కులో పైపు వేశారు కనుక ఇక నిమ్ము భయం లేదు.

రైల్స్ ట్యూబు ఆహారాన్ని కడుపుకు చేరుస్తుంది గాని ఉమ్మిని ఆపలేదు. నోట్లో ఊరే లాలాజలం రోజంతా గొంతులోకి జారుతూనే ఉంటుంది, కడుపులో పోసినదీ పైకి తన్నుకు రావచ్చు. పైపు ఉన్న రోగికి నోరు కడగడం మానేయడం నేను దాదాపు ప్రతి ఆసుపత్రిలో చూసే పొరపాటు. 'తినడం లేదు గదా, పళ్లు తోమడం ఎందుకు' అని అడుగుతారు. చేరిన రోజు నుంచి తోమని నోట్లో పేరుకున్న సూక్ష్మజీవులే ఉమ్మితో పాటు కిందికి దిగుతాయి. రోజుకు కనీసం రెండుసార్లు మెత్తని బ్రష్‌తో, తక్కువ నీటితో, తల పక్కకు తిప్పి నోరు శుభ్రం చేయాలి. పైపులో పోసేటప్పుడూ, పోశాక కనీసం అరగంట సేపూ మంచం తల భాగాన్ని ముప్పై డిగ్రీలకు తగ్గకుండా ఎత్తి ఉంచాలి. పైపు వేశారంటే ఇక ఆశ లేనట్టే అనుకోవడం కూడా తప్పే. పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి కొన్ని వారాల్లోనే అది తీసేయవచ్చు.

అపోహ: మాట పడిపోతే మతి కూడా పోయినట్టే.

1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా వర్ణించిన రోగి ఒక్క 'టాన్' అన్న పలుకు తప్ప మరేదీ పలకలేకపోయేవాడు గాని, చెప్పినవి చాలావరకు అర్థం చేసుకునేవాడు. మెదడు ఎడమ భాగం దెబ్బతిని కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినవారిలో నేను తరచుగా చూసేది ఇదే: భావం ఉంది, దానికి తగిన పదం దొరకదు. కొందరిలో దీనికి తలకిందులుగా మాట ధారగా వస్తుంది, అర్థం ఉండదు, ఎదుటివారి మాటా అందదు. ఈ రెండింటికీ చికిత్స వేరు. తన పేరు చెప్పలేని ఒక పెద్దావిడ, పక్కనున్న కూతురు బతుకమ్మ పాట ఎత్తుకోగానే చప్పట్లతో సహా గొంతు కలిపింది. అది విని వార్డంతా మాట వచ్చేసిందని సంబరపడింది. పాట, అంకెల వరుస, దేవుడి పేర్లు, చివరికి తిట్లు కూడా అలవాటు దారిలో నడిచే మాటలు. చికిత్సకు అది మంచి పట్టు, కాని మాట తిరిగి రావడం కాదు.

ఇక్కడ భాష సంగతి చెప్పక తప్పదు. మేము వాడే బొమ్మల అట్టల వెనుక 'బంగాళాదుంప', 'మొక్కజొన్న' అని ఉంటుంది. పరకాల వైపు నుంచి వచ్చిన రైతు 'ఆలుగడ్డ', 'మక్కజొన్న' అంటే కొత్తగా చేరిన జూనియర్ తప్పు వేసిన కాగితం నా కంటబడింది. మహబూబాబాద్‌లో అయితే 'మాట పూర్తిగా లేదు' అని రాసిన ఒక లంబాడా రోగితో ఆయన మనవడి చేత గోర్ బోలీలో మాట్లాడించాను. ఆయన తల ఊపడమే కాదు, రెండు మాటలు జవాబు కూడా ఇచ్చాడు. ఇంటి భాషలో పరీక్షించకుండా 'మాట లేదు' అని రాయడం నా దృష్టిలో రోగ నిర్ధారణే కాదు.

మూడు నెలలు దాటితే ఇక మాట రాదన్న మాట కూడా వార్డుల్లో వినిపిస్తుంది. తొలి నెలల్లో మెరుగు వేగంగా ఉంటుంది, తరువాత నెమ్మదిస్తుంది. ఏళ్లు గడిచాక కూడా సాధనతో పదాలు పెరిగినవారున్నారు.

అపోహ: నాలుక మందమైంది, వస రాస్తే మాట వస్తుంది.

గలగలా మాట్లాడేవారిని వసపిట్ట అంటాము కనుక ఈ నమ్మకం ఎంత పాతదో ఊహించవచ్చు. పక్షవాతంలో లోపం పుట్టింది మెదడులో. నాలుక మీద ఏది రాసినా అక్కడికి చేరదు. మింగడం సరిగా లేని రోగి నోట్లో తేనెలో అరగదీసిన వస పెడితే అది ఊపిరి దారి పట్టవచ్చు కూడా. నమ్మకం గురించి ఇంటి పెద్దలతో వాదనకు దిగను, నోట్లో పెట్టకండి అని మాత్రం గట్టిగా చెబుతాను.

అపోహ: గొంతుకు రంధ్రం చేస్తే ఇక జన్మలో మాట ఉండదు.

రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి చాలా రోజులు వెంటిలేటరు మీద ఉన్నవారికి చేసే ట్రెకియాస్టమీలో స్వరతంతువులను ముట్టుకోరు. రంధ్రం వాటికి కింద ఉంటుంది, గాలి పైదాకా రాక శబ్దం పుట్టదు. డాక్టరు అనుమతితో, గొట్టం చుట్టూ ఉండే గాలి బుడగను పూర్తిగా దించాక, ఒకవైపే తెరుచుకునే చిన్న కవాటం బిగిస్తే చాలామంది ఆ పూటే పలకగలుగుతారు. బుడగ దించకుండా బిగిస్తే లోపలికి పోయిన గాలి బయటికి రాదు, ప్రాణం మీదికి వస్తుంది. అందుకే దాన్ని బంధువుల చేతికి వదిలి వెళ్లను. క్యాన్సర్‌కు స్వరపేటికనే తీసేయడం వేరే విషయం, అక్కడ మాటకు దారులు వేరే ఉన్నాయి.

అపోహ: తిరిగే స్పీచ్ థెరపిస్టు ఉద్యోగం అమెరికాలో ఉన్నట్టే ఇక్కడా ఉంటుంది.

కోర్సు చదువుతున్న పిల్లలు అడిగేది ఇదే. అక్కడ ట్రావెలింగ్ అంటే ఏజెన్సీ ద్వారా, చాలావరకు 13 వారాల ఒప్పందంతో, పీజీ పట్టా, ఆ రాష్ట్రపు లైసెన్సు పట్టుకొని ఒక ఆసుపత్రిలో నిలకడగా చేసే పని. ఇక్కడ నా బోటివారిది ఒక్క రోజులో రెండు ఊళ్లు, రోగికింతని లెక్కగట్టే ఫీజు, దాటిపోతున్న ఆఖరి బస్సు. 1992 నాటి చట్టంతో ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు నంబరు లేకుండా ఈ పని చేయకూడదన్నది మాత్రం ఎవరైనా అడిగి సరిచూసుకోవచ్చు. మంచం దగ్గరికి వచ్చినవారిని ఆ నంబరు అడగండి, ఎవరూ నొచ్చుకోరు.

అపోహ: వారానికి ఒకసారి వచ్చి పోతే ఏం లాభం?

ప్రతి మంచం తలాపున ఒక కాగితం అంటిస్తాను. అందులో పెద్ద అక్షరాలతో ఏది పెట్టవచ్చు, ఏది కూడదు, ఎలా కూర్చోబెట్టాలి, చెంచాకు ఎంత, ఎప్పుడు ఆపాలి అని ఉంటుంది. కింద సగం ఖాళీగా వదిలి, తినిపించినవారు తాము చూసింది రాయాలని చెబుతాను. చదువు రానివారు మనవల చేత రాయిస్తారు. జనగామలో ఒక కోడలు మామకు తినిపిస్తూ అలా రాసిన వరుస ఒకటి నాకు బాగా పనికొచ్చింది: 'అంబలి తాగినంక గొంతు మంచిగనే ఉంది. మజ్జిగన్నం తిన్నంక గరగర అంటుంది.' మజ్జిగన్నం మెత్తగా ఉంటుంది కనుక క్షేమమని ఆ ఇంట్లో అనుకున్నారు. నిజానికి అందులో మెతుకు వేరు, నీరు వేరు, గొంతు ఒకేసారి రెండింటినీ సంభాళించవలసి వస్తుంది. ఆ రోజు మజ్జిగన్నం ఆపించి, గడ్డ పెరుగుతో అన్నాన్ని నీరు తేలకుండా మెత్తగా పిసికి ఒక్క తీరుగా చేయించాను. తరువాతి సారి వెళ్లినప్పుడు కాగితం మీద గరగర అన్న మాట లేదు.