సీసా మీద ఒక పేరు, లోపల వేరొకరి కణాలు

కాలేయ కణాలని చీటీ అంటించిన గొట్టంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలు. రొమ్ము క్యాన్సర్ అనుకుని పాతికేళ్ల పాటు వాడిన సెల్ లైన్ (ఒకరి నుంచి తీసి తరతరాలుగా ప్రయోగశాలలో పెంచుతూ వచ్చే కణాలు), తీరా చూస్తే చర్మానికి వచ్చే మెలనోమా. ప్రయోగశాలల్లో పెంచే మానవ కణాల విషయంలో ఇది ఎక్కడో ఒకటీ అరా జరిగిన పొరపాటు అనుకోవడానికి వీల్లేదు. ఇలా పేరు తారుమారైన సెల్ లైన్లను వాడిన వ్యాసాలు 32,755 ఉన్నాయని నెదర్లాండ్స్ పరిశోధకులు హార్బాక్, హాల్ఫ్‌మన్ 2017లో లెక్క తేల్చారు. ఆ వ్యాసాలను ఆధారం చేసుకుని రాసినవి దీనికి అదనం. ఈ గొడవ మొదటిసారి నిండు సభలో బయటపడి అప్పటికే 51 ఏళ్లు గడిచాయి. పట్టుకునే పరీక్షలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉన్నా, తప్పు పేరు మాత్రం చేతులు మారుతూనే వచ్చింది.

కథ 1951లో మొదలవుతుంది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చికిత్స పొందుతుండగా, ఆమెను అడగకుండానే కణితి నుంచి చిన్న ముక్క తీసి జార్జ్ గై ప్రయోగశాలకు పంపారు. అప్పటిదాకా మనిషి కణాలు గాజు పాత్రలో కొన్నాళ్లు బతికి చచ్చిపోయేవి. ఇవి చావలేదు సరికదా, రోజుకోసారి రెట్టింపయ్యాయి. ఆ ఏడాది అక్టోబరు 4న ఆమె కన్నుమూశారు. ఆమె పేరులోని మొదటి అక్షరాలతో హీలా అయిన ఆ కణాలను, అడిగినవారికల్లా గై ఉచితంగా పంపించారు.

హీలా దారి చూపించాక, మిగతా అవయవాల కణాలనూ అలాగే పెంచాలని చాలామంది పూనుకున్నారు. 1950ల మధ్య నుంచి చాంగ్ లివర్ (కాలేయం), కేబీ (నోటి క్యాన్సర్), హెప్-2 (స్వరపేటిక), ఇంట్-407 (పేగు) ఒక్కొక్కటిగా వచ్చాయి. వీటిలో చాలావాటి పుట్టుక వర్ణన ఒకే తీరుగా ఉంటుంది. కణాలు వారాల తరబడి మందకొడిగా ఉంటాయి. ఒకరోజు ఫ్లాస్కులో ఒక మూల చురుకైన కణాల గుంపు కనబడుతుంది. కొద్దివారాల్లో అదే ఫ్లాస్కంతా కమ్మేస్తుంది. మామూలు కణం తనంతట తాను క్యాన్సర్ కణంలా మారిపోయిందని దీనికి అర్థం చెప్పుకున్నారు, ‘స్వయంచాలిత పరివర్తన’ అని పేరూ పెట్టారు. దాని మీద వ్యాసాలు వచ్చాయి, వాదోపవాదాలు నడిచాయి. 1961లో లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ మామూలు మానవ కణం సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతుందని చూపించినప్పుడే, ఆగకుండా పెరుగుతున్న ఈ ‘మామూలు’ కణాల సంగతేమిటని అనుమానం రావాల్సింది. అదే హేఫ్లిక్ తన కూతురి పుట్టుక సమయంలో తీసుకున్న ఉమ్మనీటి పొర నుంచి విష్ అనే లైన్ తయారు చేశారు. తర్వాత అది కూడా హీలానే అని తేలింది. ఎంత జాగ్రత్తపరుడికైనా ఇది తప్పలేదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఒక కణం అంత తొందరగా ఫ్లాస్కును ఎలా ఆక్రమిస్తుంది? కాగితం మీద వేసి చూస్తే తెలుస్తుంది. పది లక్షల కణాల్లో ఒక్క హీలా పడిందనుకుందాం. హీలా 24 గంటలకు రెట్టింపవుతుంది, అసలు లైన్‌కు 48 గంటలు పడుతుంది. రెండు రోజుల్లో హీలా నాలుగింతలు, అసలుది రెండింతలు. అంటే రెండు రోజులకొకసారి హీలా వాటా సుమారుగా రెట్టింపు. అలా 20 సార్లు రెట్టింపైతే 10,48,576. నలభయ్యో రోజుకు ఫ్లాస్కులో సగం హీలా. యాభయ్యో రోజుకు అసలు కణానికి 33 హీలా కణాలు, అంటే 97 శాతం. మధ్యలో ఎన్నిసార్లు ట్రిప్సిన్ పోసి కణాలను విడదీసి కొత్త ఫ్లాస్కుల్లోకి పంచినా రెండు రకాలూ ఒకే పాళ్లలో తగ్గుతాయి కాబట్టి ఈ లెక్క మారదు. ఒక్క కణమైతే పంచేటప్పుడు పారబోతలో పోవచ్చు. కానీ నిజంగా పడేది ఒక్క కణం కాదు. మిల్లీలీటరుకు పది లక్షల కణాలున్న ద్రవంలో కంటికి సరిగా ఆనని ఒక మైక్రోలీటరు బొట్టులోనే వెయ్యి ఉంటాయి.

ఆ బొట్టు పడే దారులు కూడా పెద్ద రహస్యమేమీ కాదు. ఒక ఫ్లాస్కులో ముంచిన పిపెట్టును మళ్లీ మీడియా (కణాలను పెంచే పోషక ద్రవం) సీసాలో పెట్టడం, రెండు లైన్లకూ ఒకే మీడియా సీసా వాడటం, ఒకే హుడ్ (శుభ్రమైన గాలి వీచే పనిపెట్టె) కింద రెండు లైన్లను పక్కపక్కన తెరిచి ఉంచడం, పిపెట్టుతో గట్టిగా ఊదినప్పుడు లేచే తుంపర. వీటికన్నా మామూలు కారణం ఇంకొకటుంది: పెన్నుతో రాసిన పేరును 70 శాతం ఆల్కహాల్ తుడిచేయడం, ద్రవ నత్రజని చలికి చీటీ ఊడిపోవడం. అలాంటప్పుడు ‘ఇది ఫలానాదే అయి ఉంటుంది’ అని మళ్లీ రాసిన పేరే ఆ లైన్ పేరుగా స్థిరపడిపోతుంది.

1966 సెప్టెంబరులో పెన్సిల్వేనియాలోని బెడ్‌ఫర్డ్‌లో కణ వర్ధన నిపుణుల సదస్సు జరిగింది. జన్యుశాస్త్రవేత్త స్టాన్లీ గార్ట్లర్ అక్కడ ఒక ఎంజైమ్ గురించి మాట్లాడారు. జీ6పీడీ అనే ఈ ఎంజైమ్‌కు జెల్ మీద వేరువేరు వేగాలతో కదిలే రూపాలున్నాయి. ‘ఏ’ (A) రకం అనే రూపం ఆఫ్రికన్ సంతతి వారిలోనే కనబడుతుంది, అమెరికాలోని నల్లజాతీయుల్లోనూ కొంతమందికే ఉంటుంది. హీలాలో ఉన్నది అదే. గార్ట్లర్ వేరువేరు ప్రయోగశాలల్లో, వేరువేరు వ్యక్తుల నుంచి తయారయ్యాయని చెప్పే 18 లైన్లను పరీక్షిస్తే అన్నింటిలోనూ ‘ఏ’ రకమే ఉంది. వాటిలో తెల్లజాతి దాతల నుంచి తీసినవని రాసి ఉన్నవీ ఉన్నాయి. పీజీఎం అనే మరో ఎంజైమ్‌లోనూ అన్నీ హీలాతో సరిపోయాయి. 1968లో ఈ ఫలితాలు నేచర్ పత్రికలో వచ్చాయి. ‘స్వయంచాలిత పరివర్తన’ అనుకున్న దానిలో చాలా భాగం, హీలా వచ్చి పాత కణాలను తోసేయడమే.

అయితే గార్ట్లర్ పరీక్షకు ఒక హద్దుంది. ‘ఏ’ రకం లేకపోతే ఆ లైన్ హీలా కాదని గట్టిగా చెప్పవచ్చు. ఉన్నంత మాత్రాన హీలా అని చెప్పలేం, దాత నిజంగానే నల్లజాతి వ్యక్తి అయి ఉండవచ్చు. ఈ సందును 1970ల మొదట్లో వచ్చిన క్రోమోజోమ్ బ్యాండింగ్ పూడ్చింది. గీమ్సా రంగు వేస్తే ప్రతి క్రోమోజోమ్ మీద దానికే సొంతమైన చారలు కనబడతాయి. హీలాలో విరిగి అతుక్కున్న కొన్ని క్రోమోజోములు మరే మనిషిలోనూ అదే కలయికలో ఉండవు. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో వాల్టర్ నెల్సన్-రీస్ ఈ గుర్తులతో లైన్లను జల్లెడ పట్టారు. సోవియట్ ప్రయోగశాలల నుంచి అమెరికాకు వచ్చిన ఆరు లైన్లు హీలా అని తేలాయి. 1974 నుంచి 1981 వరకు ఆయన సైన్స్ పత్రికలో పేర్లతో సహా జాబితాలు ప్రచురించారు. రొమ్ముదనీ, ప్రోస్టేట్‌దనీ చలామణిలో ఉన్నవి వాటిలో ఉన్నాయి. శత్రువులు తయారవడానికి ఇంతకన్నా ఏం కావాలి? 1981లో ఆయన విరమించుకున్నాక, అంత పట్టుదలతో జాబితాలు వేసే మనిషి చాలాకాలం రాలేదు.

హీలా ఒక్కటే దోషి అన్న అభిప్రాయం కూడా కొంత చేటు చేసింది. 1976లో ఒక రొమ్ము క్యాన్సర్ రోగి ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి తీశామన్న ఎండీఏ-ఎంబీ-435ను, క్యాన్సర్ వ్యాప్తిని చూపే నమూనాగా వందల అధ్యయనాల్లో వాడారు. 2000లో 60 క్యాన్సర్ లైన్ల జన్యు వ్యక్తీకరణను పోల్చినప్పుడు ఇది రొమ్ము లైన్ల వైపు కాకుండా మెలనోమా గుంపులో వెళ్లి కూర్చుంది. తర్వాత డీఎన్ఏ పోలిస్తే ఎం14 అనే మెలనోమా లైన్‌తో సరిపోయింది. బొడ్డుతాడు సిర కణాలని 1990లో ప్రకటించిన ఈసీవీ304, మూత్రాశయ క్యాన్సర్ లైన్ టీ24 అని 1999లో తేలింది. అదే ఏడాది జర్మనీ కణ భాండాగారం డీఎస్ఎంజెడ్‌లో రోడరిక్ మెక్‌లౌడ్ బృందం, లైన్లను తయారు చేసినవారే స్వయంగా పంపిన 252 నమూనాలను పరీక్షిస్తే 45 వేరే లైన్లుగా బయటపడ్డాయి. అంటే తప్పు చేతులు మారేటప్పుడే కాదు, పుట్టినచోటే జరుగుతోంది. అలాంటి లైన్‌కు పోల్చుకోవడానికి ‘అసలుది’ అంటూ ఎక్కడా ఉండదు.

ఇదంతా కాగితాల మీద పేర్ల గొడవేనా అంటే, అన్నవాహిక క్యాన్సర్ సంగతి చూడాలి. ఆ రంగంలో బాగా వాడిన ఎస్ఈజీ-1 ఊపిరితిత్తి క్యాన్సర్ లైన్ అనీ, బీఐసీ-1 పెద్దపేగు క్యాన్సర్‌దనీ, ఎస్‌కే-జీటీ-5 జీర్ణాశయ క్యాన్సర్‌దనీ 2010లో వెల్లడైంది. అప్పటికే వాటి మీద వందకు పైగా వ్యాసాలు, 11 అమెరికా పేటెంట్లు ఉన్నాయి. వాటి ఫలితాలను నమ్ముకుని రోగులను చేర్చుకుంటున్న క్లినికల్ ట్రయల్స్ కూడా నడుస్తున్నాయి.

ఇప్పుడు వాడే పరీక్ష నేర పరిశోధన నుంచి వచ్చింది. 1984లో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ వేలిముద్ర పద్ధతి కనిపెట్టారు. దాని తర్వాతి రూపమే ఎస్‌టీఆర్ ప్రొఫైలింగ్. మన డీఎన్ఏలో కొన్నిచోట్ల నాలుగు అక్షరాల ముక్క వరసగా పదేపదే వస్తుంది, ఎన్నిసార్లు అన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. కణాల నుంచి డీఎన్ఏ తీసి, రంగు తగిలించిన ప్రైమర్లతో (ఆ చోట్లకు అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఎనిమిదో అంతకన్నా ఎక్కువో చోట్లను ఒకే పీసీఆర్‌లో (డీఎన్ఏ నకళ్లను పెంచే పద్ధతి) పెంచి, కేశనాళికలో పరుగెత్తిస్తే ఒక్కో చోటుకు గ్రాఫులో ఒకటో రెండో శిఖరాలు వస్తాయి. ఫలితం అంకెల్లోనే ఉంటుంది కాబట్టి ఏ దేశం ప్రయోగశాల అయినా నేరుగా పోల్చుకోవచ్చు. హీలాను తీసుకుంటే టీహెచ్01 అనే చోటు దగ్గర 7, వీడబ్ల్యూఏ దగ్గర 16, 18, డీ13ఎస్317 దగ్గర 12, 13.3. ఈ 13.3 అంటే 13 పూర్తి ముక్కలు, ఆపైన మూడు అక్షరాలు. అలవాటైన కన్ను ఆ ఒక్క అంకె చూడగానే హీలా అని అనుమానిస్తుంది. పోలికకు సూత్రం తేలిక: రెండింటిలో ఉమ్మడిగా ఉన్న అంకెలను రెట్టింపు చేసి, రెండింటి మొత్తం అంకెలతో భాగించాలి. ఎనిమిది చోట్ల హీలాకు 15 అంకెలు. మీ నమూనాలో ఒకటి రాలిపోయి 14 మిగిలి, ఆ 14 కూడా సరిపోతే 28ని 29తో భాగించగా 96.6 శాతం. 2011లో వచ్చిన ప్రమాణం 80 శాతం దాటితే ఒకే దాత కణాలుగా లెక్కిస్తుంది.

దీన్నీ గుడ్డిగా నమ్మకూడదు. కలిసిన కణాలు కొద్ది శాతమే ఉంటే వాటి శిఖరాలు కిందున్న చిన్నాచితకా శిఖరాల్లో కలిసిపోతాయి. డీఎన్ఏ మరమ్మతు వ్యవస్థ పాడైన లైన్లలో అంకెలు వాటంతటవే జారుతుంటాయి. మగవాడి లైన్‌లో వై క్రోమోజోమ్ కనబడకపోతే అది వేరే లైన్ అనుకోవాల్సిన పని లేదు, క్యాన్సర్ కణాలు దాన్ని తరచూ పోగొట్టుకుంటాయి. ఎలుక కణాలు కలిస్తే మానవ ప్రైమర్లకు అసలు కనబడవు, అందుకు జాతిని గుర్తించే పీసీఆర్ వేరుగా చేయాలి. మైకోప్లాస్మా కూడా దీనికి అందదు. కణగోడ లేని ఈ సూక్ష్మజీవికి పెన్సిలిన్ పనిచేయదు, 0.22 మైక్రాన్ వడపోతలోంచి కూడా కొన్ని దూరిపోతాయి, మిల్లీలీటరుకు కోట్లలో ఉన్నా మీడియా మసకబారదు. దానికి నెలనెలా విడిగా పీసీఆర్ చేయించడమే మార్గం.

నిబంధనలు మాత్రం ఆలస్యంగా వచ్చాయి. 2007లో రోలాండ్ నార్డోన్ అమెరికా ఆరోగ్య శాఖకు బహిరంగ లేఖ రాశారు. 2010లో 360 కలుషిత లైన్ల జాబితా అచ్చయింది. ఆ జాబితాను చూసుకోవడానికి 2012లో ఐసీఎల్ఏసీ అనే అంతర్జాతీయ సంఘం ఏర్పడింది, ఇప్పుడందులో 500కు పైగా పేర్లున్నాయి. అమెరికా వైద్య పరిశోధనకు నిధులిచ్చే ఎన్ఐహెచ్ 2016 నుంచి గ్రాంటు దరఖాస్తుల్లోనే లైన్లను ఎలా నిర్ధారిస్తారో చెప్పమంటోంది. బెంచి దగ్గర చేయాల్సింది మాత్రం పాత సంగతే. కొత్త లైన్ రాగానే పరీక్షించాలి. తేలేదాకా దానికి వేరే ఇన్‌క్యుబేటర్, వేరే మీడియా సీసా. సరైనదని తేలితే తొలి పాసేజ్‌లలోనే (కొత్త ఫ్లాస్కుల్లోకి పంచిన తొలి విడతల్లోనే), గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే 10 శాతం డీఎంఎస్ఓతో, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచి పది ఇరవై వయల్స్ (చిన్న సీసాలు) దాచుకోవాలి. సుమారు మూడు నెలలకొకసారి పాత ఫ్లాస్కు పారేసి కొత్త వయల్ కరిగించుకోవాలి. వ్యాసం పంపే ముందు మరోసారి పరీక్ష. చాలాచోట్ల ఈ చివరిదొక్కటే జరుగుతుంది, అదీ పత్రిక అడిగితే. మూడేళ్ల పని అయిపోయాక వచ్చే ఆ ఫలితాన్ని తెరిచి చూడాలంటే ఎవరికైనా చేయి వణుకుతుంది.

పేరు తప్పినంత మాత్రాన కణాలు పనికిరానివైపోవు. ఫోలేట్ గ్రాహకాల పరిశోధనలో కేబీ ఇప్పటికీ మంచి సాధనమే, నోటి క్యాన్సర్ గురించి మాత్రం అది ఏమీ చెప్పదు. భాండాగారాలు హెప్-2ను ‘హీలా నుంచి వచ్చినది’ అన్న గమనికతోనే ఇస్తున్నాయి. పాత వ్యాసాలకు అలాంటి గమనిక చాలా అరుదు. అందుకే చదివేవారు పద్ధతుల విభాగంలో లైన్ పేరు కనబడగానే ఐసీఎల్ఏసీ జాబితాలో గానీ, సెల్ లైన్ల వివరాలుండే సెల్లోసారస్ కోశంలో గానీ చూసుకోవడం మంచిది. ఆ జాబితాలో రెండు రకాలుంటాయి: అసలు కణాలు ఎక్కడో భద్రంగా ఉన్నవి, అసలంటూ మిగలనివి. చాంగ్ లివర్ రెండో రకం. ఆ పేరుతో దొరికే గొట్టంలో ఉండేది హీలానే.